మా అమ్మ ఎదురు షాపులో చేరిన వేసవి

రెండువేల ఐదు ఫిబ్రవరిలో తాడేపల్లిగూడెంలోని ఒక కల్యాణ మండపంలో, పెళ్ళి వీడియోలు తీసుకుని బతికే మా బోటివాళ్ళందరికీ ఒక సదస్సు పెట్టారు. హైదరాబాదు నుంచి టై కట్టుకుని వచ్చిన ఒకాయన వ్యాపార వ్యూహం అంటే ఏమిటో, టాలెంట్ మేనేజ్‌మెంట్ అంటే ఏమిటో పొద్దున్న పది నుంచి భోజనాల వేళ దాకా చెప్పాడు. "మీ షాపులో అసలు టాలెంట్ ఎవరిదో గుర్తించండి. మీరు గుర్తించకపోతే ఎదుటివాడు గుర్తిస్తాడు" అన్నాడు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, నోటు పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను. నా వెనక వరసలో దేవరాజు కూర్చున్నాడు. వాడు పుస్తకమే తెచ్చుకోలేదు. రాసుకున్నవాణ్ణి నేను, విన్నవాడు వాడు.

ఈ దేవరాజు నా దగ్గర నాలుగేళ్ళు లైటు పట్టుకున్నాడు. నేను కెమెరా భుజాన వేసుకుని ముందు నడుస్తుంటే, వాడు ఆ మండే హాలోజన్ లైటు పైకెత్తి పెళ్ళికొడుకు మొహం మీద వెలుగు తగ్గకుండా నా వెనకే తిరిగేవాడు. ఆ జనవరిలో నా దగ్గర మానేసి, ఏలూరు పవర్‌పేటలో నా షాపుకి సరిగ్గా ఎదురుగా సొంత షాపు తెరిచాడు. నాది ‘నిస్సీ వీడియోస్’, మా అమ్మాయి పేరు. వాడిది ‘దేవరాజు డిజిటల్స్’. పాత కెమెరా, పాత కంప్యూటరు, కొత్త బోర్డు. ఆ బోర్డు చూసి నేను నవ్వుకున్నాను. అప్పట్లో నాకు నవ్వు తొందరగా వచ్చేది.

పెళ్ళిలో తీసిన కేసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, పనికిరానిది కోసేసి, పాటలు కలిపి, మూడు గంటల సీడీలుగా చెయ్యడాన్ని మేం మిక్సింగ్ అంటాం. ఆ పని మూడేళ్ళుగా నేనే చేస్తున్నాను. అంటే మౌసు నా చేతిలో ఉండేది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా అమ్మ రూతమ్మ కూర్చునేది. పెదపాడు మిషను బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒళ్ళో చేట, చేటలో గోరుచిక్కుళ్ళు, చేతులు ఈనెలు తీస్తూ ఉంటే కళ్ళు మాత్రం తెర మీద ఉండేవి.

"అక్కడ ఆపరా. ఆవిణ్ణి కొయ్యకు. ఆవిడ పెళ్ళికొడుకు మేనత్త" అనేది.

"నీకెలా తెలుసమ్మా? వాళ్ళది నూజివీడు."

"బుగ్గ మీద చుక్క బాగాలేదని మూడుసార్లు దిద్దింది చూడు. అంతమందిలో పెళ్ళికొడుకు మొహం పట్టుకుని తిప్పే హక్కు ఇంకెవరికుంటుందిరా?"

అలిగి వచ్చినవాళ్ళని రెండుసార్లు చూపించమనేది. నోట్లో ముద్ద ఉన్నవాళ్ళని అసలు చూపించవద్దనేది. బాగా ముసలివాళ్ళు కనిపిస్తే, "ఇంకాసేపు ఉంచరా, వచ్చే పెళ్ళికి ఉంటారో లేదో" అనేది. నేను సరే సరే అంటూ చేసేవాణ్ణి. సీడీ చూసుకున్నవాళ్ళు వచ్చి, "మావాళ్ళందర్నీ ఎంత బాగా పట్టుకున్నారండి" అంటే, అదంతా నా కెమెరా గొప్పతనమే అనుకునేవాణ్ణి. అమ్మ మిక్సింగ్ గదిలోకి ఏసీ చల్లదనం కోసం వస్తుందని నా గట్టి నమ్మకం. ఆ ఏసీ కూడా మనుషుల కోసం పెట్టింది కాదు, కంప్యూటరు కోసం పెట్టింది.

సదస్సులో టీలు తాగేచోట నాకు జయంత్ తగిలాడు. ఇరవైమూడేళ్ళ కుర్రాడు, హైదరాబాదులో కోర్సు చేసి వచ్చాడు. తన లాప్‌టాప్ తెరిచి ఒక పెళ్ళి చూపించాడు. అందులో వధూవరులు గులాబీ పువ్వులోంచి పుట్టారు, మంచుకొండల మీద నడిచారు, చివరికి పావురాలై ఎగిరిపోయారు. టాలెంట్‌ని గుర్తించమని ఆయన చెప్పి గంటైనా కాలేదు, నేను గుర్తించేశాను. అక్కడికక్కడే అతన్ని మా షాపుకి ‘క్రియేటివ్ హెడ్’గా నియమించాను.

మార్చి మొదట్లో జయంత్ వచ్చి చేరాడు. నేను అందర్నీ పరిచయం చేశాను. "మా ఆవిడ పెర్సిస్. కౌంటరు, ఆర్డర్లు తనే చూస్తుంది" అన్నాను. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ వైపు తిరిగి, "మా అమ్మగారు. ఊరికే కూర్చుంటారు" అన్నాను.

మన భాషలో ‘ఊరికే’ అన్న మాటకి రెండర్థాలున్నాయి. పనేమీ లేకుండా అని ఒకటి, పైసా తీసుకోకుండా అని ఇంకొకటి. నేను మొదటి అర్థంలో అన్నాను. ఆవిడ మూడేళ్ళుగా రెండో అర్థంలో కూర్చుని ఉంది.

"అవును బాబూ, ఊరికే కూర్చుంటాను" అంది అమ్మ జయంత్‌తో. చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఈనె తీయడం పూర్తిచేసి, చేట పట్టుకుని, షాపు వెనకే ఉన్న మా ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ కుర్చీ చోటులో జయంత్ చక్రాల కుర్చీ వేసుకున్నాడు. "ఇంట్లో ఫ్యాను ఉందిగా అమ్మా" అని నేను వెనకనుంచి ఒక ఓదార్పు మాట కూడా అన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు పొద్దున్న పేపరు చదువుకుంటుంటే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఇడ్లీలు చల్లారిపోతున్నాయి, వచ్చి తినండి."

ఇంటికి ఎవరో పెద్దమనుషులు వచ్చారనుకుని చొక్కా వేసుకున్నాను. వంటింట్లో నేను, అమ్మ, పెర్సిస్ తప్ప ఎవరూ లేరు. అమ్మ నా కంచంలో చట్నీ వేసి, "చాలాండి?" అంది.

అమ్మ అటు వెళ్ళగానే పెర్సిస్ గొంతు తగ్గించి, "ఏవండీ, అత్తయ్యగారు మిమ్మల్ని అండి అంటున్నారు. ఏం చేశారు?" అంది.

"నేనేం చేశాను? ఏం చెయ్యలేదు."

"మా పెద్ద మేనత్త వాళ్ళ చెల్లెల్ని ఇలాగే ఒకరోజు అండి అనడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళయింది. ఇప్పటికీ అండి దగ్గరే ఉన్నారు."

మా గోదావరి వైపు కోపం వస్తే గొంతు పెరగదు, మర్యాద పెరుగుతుంది. అరిస్తే పడొచ్చు, కొడితే ఓర్చుకోవచ్చు. కన్నతల్లి ‘ఒరేయ్ శ్యామూ’ మానేసి ‘మీరు’ అంటే ఎవరికి చెప్పుకుంటాం? అయినా నేను పట్టించుకోనట్టే ఉన్నాను. నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుందనుకున్నాను.

తగ్గలేదు. పదిరోజుల తర్వాత ఒక ఉదయం షటరు ఎత్తుతూ ఎదురు షాపులోకి చూశాను. అద్దం వెనక మెత్తటి కుర్చీలో మా అమ్మ కూర్చుని ఉంది. పక్కన దేవరాజు చేతులు కట్టుకుని నిలబడి ఆవిడ చెప్పేది వింటున్నాడు. వాడి కొత్త బోర్డు కింద ఇంకో చిన్న బోర్డు వేలాడుతోంది. ‘రిటైర్డ్ టీచరు రూతమ్మగారి పర్యవేక్షణలో, బంధువుల వరసలు చూసి మిక్సింగ్ చేయబడును.’

నేను కౌంటరు దగ్గరికి పరిగెత్తాను. పెర్సిస్ తల ఎత్తకుండా ఆర్డరు పుస్తకం రాసుకుంటోంది.

"మొన్న మీరు భీమడోలు పెళ్ళికి వెళ్ళినప్పుడు దేవరాజు ఇంటికొచ్చాడండి. అమ్మగారూ, మీరు మా షాపులో పనిచేస్తారా అని అడిగాడు. ఈవిడ సరేనన్నారు."

"అంతేనా? ఏం ఆశ పెట్టాడు?"

"అడిగాడండి. అదే." ఇక్కడ తల ఎత్తి నా వైపు చూసింది. "మూడేళ్ళు తలుపు దగ్గర లైటు చుట్టుకుంటూ ఆవిడ చెప్పేవన్నీ విన్నవాడు. మీరు పక్కనే కూర్చుని వినలేదు."

ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర నేను తెగించి అడిగేశాను. "ఈ ఇంట్లో అన్నం తింటూ ఎదురు షాపులో ఉద్యోగం ఏంటమ్మా?"

"అన్నానికీ ఉద్యోగానికీ సంబంధం ఏముందండి" అంది అమ్మ నెమ్మదిగా. "కూర వేసుకోండి. పప్పు కూడా ఉంది."

ఏప్రిల్లో సీజను అందుకుంది. మొదట్లో జయంత్ పేరు ఊరంతా మోగిపోయింది. పెళ్ళికొడుకుల తమ్ముళ్ళు, పెళ్ళికూతుళ్ళ చెల్లెళ్ళు గుంపులుగా వచ్చి మంచుకొండలు చూసి వెళ్ళేవాళ్ళు. నేను దేవరాజు షాపు వైపు చూడడం కూడా మానేశాను. తర్వాత పెద్దవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే, చాలా మర్యాదగా. "పావురాలు బాగున్నాయండి. మా పెదనాన్నగారేరీ?" అని ఒకరు. "గులాబీ ఎంత బాగుందో. మా తోడికోడలు కనిపించలేదండి, నేనే తీయించేశానని అంటోంది" అని ఇంకొకరు. నేను నవ్వుతూ సర్దిచెప్పి పంపేవాణ్ణి. అలా సర్దిచెప్పించుకున్నవాళ్ళు రోడ్డు దాటి ఎదురు షాపులోకి వెళ్ళి, తర్వాతి పెళ్ళి అక్కడ మాట్లాడుకునేవాళ్ళు.

మే నెల మూడో వారంలో, ఒక బుధవారం మిట్టమధ్యాహ్నం, కొల్లేటికోట నుంచి సూర్యకాంతంగారు వచ్చారు. మూడు వారాల కింద ఆవిడ కూతురు వెంకటలక్ష్మి పెళ్ళికి నేనే పడవ మీద కెమెరాతో వెళ్ళాను. చేపల చెరువులున్న కుటుంబం, చుట్టుపక్కల లంక గ్రామాలన్నిటికీ ఆవిడ మాటంటే మాటే. ఆవిడ గొడుగు ముడిచి, తువ్వాల్లో చుట్టి తెచ్చిన సీడీలు కౌంటరు మీద పెట్టి, మంచినీళ్ళు తాగారు.

"చాలా బాగా తీశారండి" అన్నారు. ఆ మర్యాదకి భయమేసి నేను గబగబా కుర్చీ వేశాను. "కొంగలు బాగున్నాయి. మంచు బాగుంది. మా కొల్లేట్లో మంచు పడితే ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకి చూశాం. మా వెంకటలక్ష్మి మేనమామ ఒక్కడే లేడండి అందులో."

మేనమామ లేని పెళ్ళి సీడీ. కౌంటరు వెనక పెర్సిస్ కళ్ళు మూసుకుంది.

"మా తమ్ముడు చిట్టిబాబు. చెరువు గట్టు దగ్గర మాటామాటా అనుకుని పన్నెండేళ్ళు పలకరింపుల్లేవు మాకు. పెళ్ళికి రాడనే అనుకున్నాం. పిల్లని బుట్టలో కూడా వేరేవాళ్ళే మోసుకొచ్చారు. ముహూర్తం దాటాక వచ్చాడండి. వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయాడు. నిన్న ఊరంతా కూర్చుని ఈ సీడీలు చూశాం. మూడు గంటలూ కదలకుండా చూశాడు. అయిపోయాక లేచి, ‘అయితే నేను రాలేదన్నమాట అక్కా’ అన్నాడు. సంచి సర్దుకుంటుంటే ఆదివారం దాకా ఆగమని బతిమాలాను."

జయంత్ మిక్సింగ్ గదిలోంచి వచ్చాడు. సాయం చేద్దామనే వచ్చాడు పాపం. "ఫొటో ఉందా మేడమ్? ఉంటే గ్రాఫిక్స్‌లో పెట్టేస్తాను. ఎక్కడ కావాలంటే అక్కడ నిలబెడతాను."

"వచ్చినవాణ్ణి వచ్చినట్టు చూపించండి బాబూ" అన్నారావిడ. "అంటించొద్దు."

"పోనీ మీరు ఒక్క గంట కూర్చుని, ఆయన ఎవరో మాకు చూపిస్తే" అని నేను నసిగాను.

"నా తమ్ముణ్ణి నేనే వెతుక్కునేదానికి మీరెందుకండి?" అని ఆవిడ లేచారు. "పొడుగ్గా, నల్లగా ఉంటాడు. మీసం. తెల్లచొక్కా, పోయిన మా ఆయనది. ఆదివారం మధ్యాహ్నానికి తెండి. తేలేకపోతే నేనేమీ అనను. ఎవరైనా అడిగితే మాత్రం జరిగింది చెప్తాను." ఆవిడని అడగకుండా కొల్లేట్లో పెళ్ళి ఎవరూ చెయ్యరు. ఆవిడ గొడుగు తెరుచుకుని ఎండలోకి వెళ్ళిపోయారు.

తొమ్మిది కేసెట్లు. నేనూ జయంతూ రెండు రోజులు కూర్చున్నాం. పొడుగ్గా, నల్లగా, మీసంతో, తెల్లచొక్కా వేసుకున్నవాళ్ళు ఆ పెళ్ళిలో నూట అరవై మంది తేలారు. జయంత్ వాళ్ళందరికీ నంబర్లు వేశాడు. శుక్రవారం పొద్దున్న తొంభైమూడో నంబరు దగ్గర ఆగి, చాలాసేపటి నుంచి లోపల పెట్టుకున్న సందేహం అడిగాడు.

"సర్, మేనమామ అంటే అమ్మ తమ్ముడా, నాన్న తమ్ముడా?"

నేను అతని మొహం చూశాను. వేళాకోళం కాదు.

"ఐదో క్లాసు నుంచి హాస్టల్లోనే ఉన్నాను సర్. ఇంటికెళ్తే అందరూ అంకుల్, ఆంటీ. ఎవరు ఎవరో ఎవరూ చెప్పలేదు."

అతని మీద కోపం రాలేదు. నా మీద వచ్చింది. వెధవ గీతలు రెండు గీసుకుని వచ్చి, అసలు మనిషిని ఇంట్లోకి పంపించి, మేనమామ అంటే ఎవరో తెలియని కుర్రాణ్ణి పెళ్ళిళ్ళ మీద కూర్చోబెట్టాను. ఇదంతా పెర్సిస్‌తో చెబుతుంటే, ఆవిడ తలుపు తీసి రోడ్డు వైపు చూపించింది. ఆ రోడ్డు వెడల్పు ఇరవై అడుగులు.

ఎదురు షాపులో మా అమ్మ ముందు ఎవరో భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి దేవరాజు కుర్చీలోంచి లేచాడు. నాలుగేళ్ళు నేను వాణ్ణి ‘ఒరేయ్ లైటూ’ అనే పిలిచాను. ఇప్పుడు నోరు తెరిస్తే, "దేవరాజుగారూ" అని వచ్చింది. నా వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని అతను గుమ్మం వైపు చూశాడు.

ఆ భార్యాభర్తల్లో ఆవిడ మా అమ్మని, "ఎవరండి?" అని అడిగింది.

"మా అబ్బాయండి" అంది అమ్మ. "ఊరికే వచ్చారు."

నేను తల దించుకుని పడాల్సింది పడ్డాను. "దేవరాజుగారూ, మా అమ్మగారిని ఒక్క పూట మా షాపుకి పంపిస్తారా?"

"నన్నడుగుతారేంటి సార్" అన్నాడు దేవరాజు. పరాచికానికి అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "టీచరుగారిని అడగండి."

అందరి ముందూ అమ్మ వైపు తిరిగాను. ఎన్ని మాటలు సర్దుకుని వెళ్ళానో, ఒక్కటీ గుర్తురాలేదు. "నాకు చేతకాలేదమ్మా. నువ్వు పక్కన లేకపోతే ఆ తెర మీద నాకు ఎవరూ కనిపించట్లేదు. ఆ రోజు అలా అన్నందుకు సిగ్గుగా ఉంది" అన్నాను.

అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఈ పెళ్ళివారి పని అయ్యేదాకా కూర్చోండి" అంది. నేను బల్ల మీద గంటన్నర కూర్చున్నాను. దేవరాజు నాకు నిమ్మకాయ సోడా తెప్పించాడు.

మా మిక్సింగ్ గదిలోకి వచ్చాక అమ్మ తెర వైపు చూడలేదు. ఎలా ఉంటాడు అని అడగలేదు. ఎందుకు అలిగాడు, ఎన్నేళ్ళు, ఎంత ఆలస్యంగా వచ్చాడు, అవి అడిగింది. జయంత్ తన నంబర్ల కాగితం చూపించబోతే పక్కన పెట్టమంది.

"పన్నెండేళ్ళ తర్వాత, అదీ ముహూర్తం దాటాక వచ్చినవాడు ముందు కుర్చీల్లో కూర్చోడు. ఎవరైనా పలకరించేలోపే ఏదో ఒక పని వెతుక్కుంటాడు. ఆ మండపం కేసెట్లు తీసెయ్యి బాబూ. వంటలు, భోజనాలు, పడవలరేవు, అవి పెట్టు."

అవి మేం సగం కూడా చూడలేదు. భోజనాల కేసెట్టు పెట్టి పావుగంట అయ్యిందో లేదో అమ్మ చెయ్యెత్తింది. ఒక మనిషి వంగి అన్నం వడ్డిస్తున్నాడు. కెమెరాకి వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"మిగతా వడ్డించేవాళ్ళని అందరూ ఒరేయ్ ఇటు, బాబూ అటు అని పిలుస్తున్నారు. ఇతన్ని ఎవరూ పిలవట్లేదు. పిలవకుండానే దారి ఇస్తున్నారు. చివర ఆ ముసలావిణ్ణి చూడు. అందరికీ చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టింది, ఇతను వస్తే పెట్టలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇతనే. ఇప్పుడు అప్పగింతలు పెట్టు."

కొల్లేటికోటలో అప్పగింతలు పడవల రేవు దగ్గర జరిగాయి. జయంత్ చేసిన సీడీలో ఆ చోట తెర నిండా ఒక ఎర్రటి గుండె బొమ్మ వస్తుంది, అందులో వధూవరులు నవ్వుతూ ఉంటారు.

"ఆ గుండె తియ్యి బాబూ" అంది అమ్మ.

జయంత్ గుండె తీశాడు. దాని కింద చిట్టిబాబు ఉన్నాడు. నడుము లోతు నీళ్ళలో నిలబడి, పడవ ఊగకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉన్నాడు. వెంకటలక్ష్మి పడవెక్కుతూ ఆసరాకి అతని నెత్తి మీద చెయ్యి వేసింది. ఎవరి నెత్తి మీద వేసిందో ఆ పిల్ల చూసుకోలేదు. అతను మాత్రం తలెత్తి ఆ పిల్లనే చూస్తున్నాడు. ఇది తీసింది నేను. నా కెమెరాతో, నా కంటితో తీశాను. చూడలేదు.

"ఫ్రేములో డిస్టర్బెన్స్ అనుకున్నాను మేడమ్" అన్నాడు జయంత్ చిన్నగా.

"చాలామంది మేనమామలు డిస్టర్బెన్సే బాబూ" అంది అమ్మ. "అయినా ఉంచాలి."

ఆదివారం చర్చి అయ్యాక అమ్మ, నేను, జయంత్ కొత్త సీడీలు తీసుకుని కొల్లేటికోట వెళ్ళాం. సూర్యకాంతంగారి హాల్లో అరవై మంది కిక్కిరిసి కూర్చున్నారు. చిట్టిబాబు గుమ్మం దగ్గర టీవీకి వీపు తిప్పి, సంచి పక్కన పెట్టుకుని, బయటికి చూస్తూ కూర్చున్నాడు. రేవు దృశ్యం రాగానే హాల్లో టీవీ చూసేవాళ్ళు ఎవరూ లేకపోయారు. అందరూ అతన్నే చూస్తున్నారు. ఆ నిశ్శబ్దానికి అతనే మెల్లగా తల తిప్పాడు.

తెర మీద తనని తాను చూసుకున్నాడు. తర్వాత, "బావ చొక్కా పాడుచేసేశాను కదక్కా" అన్నాడు.

"పోనియ్యరా. ఆయన బతికుంటే నిన్ను ఆ చొక్కాతోనే నీళ్ళలోకి తోసేవాడు" అన్నారు సూర్యకాంతంగారు. నవ్వుతూనే ఏడ్చేశారు.

"ఇంకోసారి వెయ్యండి బాబూ" అన్నాడు చిట్టిబాబు జయంత్‌తో. కరెంటు పోయేదాకా జయంత్ ఆ ముక్క వేస్తూనే ఉన్నాడు. ఆ సందట్లో సంచిని ఎవరో లోపలికి తీసుకుపోయారు. బయల్దేరేటప్పుడు సూర్యకాంతంగారు నా చేతులు పట్టుకుని, ఎంత బాగా తీశారండి అన్నారు. "తీసింది నేనేనండి. చూసింది మా అమ్మ" అన్నాను. ఆ సీజను మొత్తానికి నేను మాట్లాడిన నిజాయితీ గల మాట అదొక్కటే.

తిరుగు పడవలో అమ్మ పక్కన కూర్చుని, "మళ్ళీ మన షాపులో పనిచేస్తావా అమ్మా?" అని అడిగాను.

"అడిగారు కాబట్టి ఆలోచించుకుని చెప్తానండి" అంది.

నాలుగు రోజులు ఆలోచించుకుంది. ఆ నాలుగు రోజులూ ఒకే ఇంట్లో ఉన్నాం, మూడు పూటలా ఆవిడ చేతి వంటే తిన్నాను, ఒక్కసారి కూడా అడిగే ధైర్యం చెయ్యలేదు. నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళినా, తొందరపెట్టకండి అని పెర్సిస్ సైగ చేసేది. ఆవిడ రోజూ పొద్దున్న గొడుగు వేసుకుని రోడ్డు దాటి దేవరాజు షాపుకి వెళ్తుంటే, నేను షటరు దగ్గర నిలబడి చూసేవాణ్ణి.

ఐదో రోజు నా టేబులు మీద ఒక కవరు కనిపించింది. లోపల ఎడమవైపు మార్జిను గీసిన తెల్లకాగితం, బడి పంతులమ్మ గుండ్రటి దస్తూరీ. ‘శ్రీయుత శ్యామ్ సుందర్ గారికి’ అని మొదలైంది. సోమ, మంగళ, బుధవారాలు నిస్సీ వీడియోస్‌లో, మిగతా మూడు రోజులు దేవరాజుగారి దగ్గర పనిచేయుటకు సమ్మతమేనని, ఈ ఏర్పాటు దేవరాజుగారికి ముందే తెలియజేశానని రాసింది. జయంత్‌ను పనిలోంచి తీసివేయరాదని, అబ్బాయి చేతి పని మంచిదని, రోజూ ఒక గంట అతనికి వరసలు నేర్పుతానని, ఇప్పటికే పిన్ని, పెత్తల్లి, మేనత్త వచ్చేశాయని, వియ్యంకుడి దగ్గర కొంచెం తడబడుతున్నాడని రాసింది. సీడీ చివర తన పేరు పడాలంది. వీపు ఆనించుకునే కుర్చీ కావాలంది. ఇందులో ఏమైనా మార్పులు కోరినచో కింద రాసి ఇవ్వవలెను అని ముగించింది.

నేను ఒక్కటే రాశాను. ‘అన్నిటికీ ఒప్పుకుంటున్నాను. షాపులో ఎలా పిలిచినా సరే, ఇంట్లో మాత్రం నన్ను పాత పద్ధతిలో పిలవవలెను’ అని రాసి, వంటింట్లోకి తీసుకెళ్ళి అమ్మ చేతికిచ్చాను. చిన్నప్పుడు సెలవు చీటీ పట్టుకుని ఆవిడ క్లాసులో ఎలా నిలబడేవాణ్ణో అలాగే నిలబడ్డాను.

అమ్మ కాగితం రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. నేను ఒత్తు మరిచిపోయిన అక్షరం ఒకటి కనిపిస్తే దాన్ని దిద్దింది. తర్వాత కాగితాన్ని గిన్నెలకు దూరంగా గట్టు మీద పరిచి, పెన్ను పట్టుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"సంతకం ఎక్కడ పెట్టాలిరా?"